పరదా మోటారు

ఫలక్‌నుమా సందుల్లో మెకానిక్కులకు కరువేం లేదు. కానీ పాత విలాయతీ బండి మొరాయించిందంటే అందరూ సీమోను షెడ్డు వైపే వేలు చూపించేవారు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషి. ఒక్కటే వింత, బండిని బాగుచేసి అప్పగించేవాడే తప్ప రోడ్డు మీద స్టీరింగు పట్టేవాడు కాదు. ఒకప్పుడు పెద్ద హవేలీలో డ్రైవరుగా చేసినవాడాయె! ఎందుకు మానేశావని భార్య లీలమ్మ అడిగీ అడిగీ ఊరుకుంది.

డెబ్బై తొమ్మిది డిసెంబరులో, పెళ్లిళ్లకు కార్లు కిరాయికిచ్చే ఖాజా నలుగురితో తోయించుకుంటూ ఒక పొడుగాటి నల్ల మోటారును షెడ్డుకు తెచ్చాడు.

సీమోను చేతిలోని పానా కిందపడింది. వెనక కిటికీలకు ఆకుపచ్చ పరదాలు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య బిగించిన అద్దం, దాని వెనకా పరదాయే. డ్రైవరు వెనక్కి చూసే చిన్నద్దం ఉండాల్సిన చోట రెండు మరమేకుల చిల్లులు. ఆ అద్దం పీకింది సీమోనే.

"మస్తు సస్తగ దొరికింది సీమోనన్నా," అన్నాడు ఖాజా. "నవాబు కొడుకు అమ్మితే సీతారాం సేఠు కొన్నడు. ఆయన తల్లి రెండో దినానికే అండ్ల కూసోనని మొండికేసింది. తర్వాత బ్యాండుమేళం బుచ్చయ్య తీసుకున్నడు. ఒక పెండ్లిపిల్ల నడిమిట్ల దిగి, నగలతోని నడుసుకుంట పోయిందట! ఎనకనుంచి ఎవరో అద్దం కొడ్తరట, చూస్తే ఎవ్వరుండరట. ఉత్త లొల్లి!"

"ఉత్త లొల్లే," అన్నాడు సీమోను. వంగి పానా ఏరుకున్నాడు.

పదకొండేళ్ల కిందట ఆ వెనక సీటులో బేగం సాహెబా కూర్చునేది. పరదా పాటించే ఇల్లు. ఆమె గొంతు పరాయి మగవాడి చెవిన పడకూడదు, అతని చూపు వెనక్కి పోకూడదు. అందుకని ఉంగరంతో అద్దం మీద కొట్టేది. ఒక దెబ్బ అంటే నడుపు. రెండంటే మెల్లగా. మూడంటే ఆపు. ఆరేళ్లలో సీమోను ఆమె మాట వినలేదు, ముఖం చూడలేదు. మొగలి అత్తరు వాసన, ఉబ్బసానికి కాల్చే ఆకుల పొగ వాసన, అంతవరకే తెలుసు.

ఆ చివరి రోజు క్రిస్మసు ముందు రోజు. హకీము దగ్గరికి వెళ్లి తిరిగి వస్తున్నారు. యాకుత్‌పురా రైలు గేటు గంట మోగుతోంది. వెనక మూడు దెబ్బలు పడ్డాయి. ఆపితే గేటు పడుతుంది, అరగంట పోతుంది. దర్జీ కొట్టు మూసేస్తాడు, కొత్త చొక్కా చేతికి రాదు. దాటినంక ఆపుదాంలే అనుకుని సీమోను బండిని ఉరికించాడు. హవేలీకి చేరాక దాసీలు తలుపు తీసి గుండెలు బాదుకున్నారు. బేగం సాహెబా సీటు కింద ఊపిరి లేకుండా పడివుంది.

"అద్దం కొట్టిందా?" అని నవాబు అడిగాడు.

"ఒక్కసారి గూడ కొట్టలే హుజూర్."

తోడు వెళ్లలేదని దాసీ కుబ్రాను ఆ సాయంత్రమే బయటికి గెంటారు. సీమోను తల వంచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ చొక్కాను ఇప్పటిదాకా తొడుక్కోలేదు. పాపం ఊరికే పోతుందా?

బండి బాగుపడిన రోజే ఖాజా పొద్దుగూకాక, మగ్రిబు నమాజు వేళకు పరుగెత్తుకొచ్చాడు.

"సీమోనన్నా, బండి తియ్యి! మా బిడ్డ ఖుద్సియాకు నొప్పులు మొదలైనయ్. రిక్షా దొరుకుతలేదు, నా డ్రైవరు ఊరికి పోయిండు. నీ కాళ్లు మొక్కుత!"

తల్లిలేని పిల్ల. తొలి కాన్పు. సీమోను ఏమనగలడు? శిలువ గుర్తు వేసుకుని ఎక్కాడు. ఖుద్సియాను వెనక సీటంతా వదిలి పడుకోబెట్టారు. మేనత్త బట్టల మూటతో వెనక వస్తానంది. ఖాజా ముందు కూర్చున్నాడు.

కరెంటు పోయింది. సందులన్నీ చీకటి. ఖుద్సియా మూలుగు అద్దం దాటి సన్నగా వినిపిస్తోంది. కొంత దూరం పోయాక మూలుగు ఆగింది.

ఏదో వాసన... మొగలి అత్తరు.

దాని వెనకే కాలిన ఆకుల పొగ...

టక్. టక్. టక్.

"విన్నవా?" సీమోను గొణిగాడు.

"ఏంది వినేది? జల్ది పోనీ!"

యాకుత్‌పురా గేటు కనిపించింది. గంట మోగుతోంది. గేటుమాను గుండయ్య చక్రం తిప్పుతున్నాడు. దాటొచ్చు. కొంచెం తొక్కితే దాటొచ్చు. ఆపితే ఈ పిల్ల గతేంకాను? కాదు, అప్పుడూ గిట్లనే అనుకున్న కదా...

టక్. టక్. టక్.

సీమోను కాలు బ్రేకు మీద పడింది. కళ్లముందే గేటు దిగింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా! నా బిడ్డను చంపుతవా!" ఖాజా గల్లా పట్టుకున్నాడు.

సీమోను విడిపించుకుని దిగి, వెనక తలుపు తీశాడు. ఖుద్సియాకు స్పృహ లేదు. కేక విని గుండయ్య భార్య మాణిక్యమ్మ లాంతరుతో ఉరికొచ్చి లోపలికి తొంగిచూసింది. "బిడ్డ వస్తున్నది! మొగోళ్లు అటు జరుగుండ్రి!" అని లోపలికెక్కి తలుపు వేసుకుంది.

ఇద్దరూ వీపు తిప్పి నిలబడ్డారు. గూడ్సు బండి పోతూనే ఉంది. చివరి పెట్టె దాటిపోయాక, ఆ నిశ్శబ్దంలో పసిగుడ్డు కేర్‌మంది.

మాణిక్యమ్మ చేతులు తుడుచుకుంటూ దిగింది. "ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకున్నది. ఇంక జరసేపు బండి ఆగకపోతే ఇద్దరూ దక్కకపోదురు. ఆ పెద్దమ్మ పిల్ల తల ఒళ్లె పెట్టుకొని పట్టింది గాబట్టి సరిపోయింది."

"ఏ పెద్దమ్మ?" అన్నాడు ఖాజా.

మాణిక్యమ్మ లాంతరు లోపలికి చాపింది. తల్లీ బిడ్డా తప్ప ఎవరూ లేరు. ఆమె సీటు కింద కూడా వెతికింది.

"ఇప్పుడే ఉండె... సీమోను అంటే ఎవలు? సీమోనును అడుగుమన్నది. ఆ దినం నేను ఎన్నిమార్లు కొట్టిన, అని."

సీమోను పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. గేటు లేచింది. దవాఖానాకు చేరేదాకా వెనకనుంచి పసిదాని ఏడుపు తప్ప మరేం వినిపించలేదు. ఖాజా అతణ్ణి కౌగిలించుకుని, ఏడ్చి, బిడ్డ వెంట లోపలికి పోయాడు.

బండిలో సీమోను ఒక్కడే మిగిలాడు. వెనక తలుపులు తానే మూసి తాళం వేశాడు. అయినా అత్తరు వాసన పోలేదు.

"మూడుసార్లు, బేగం సాహెబా," అన్నాడు గుసగుసగా. "కొట్టలేదని అబద్ధమాడిన. కుబ్రా పొట్ట కొట్టిన. తప్పయింది."

ఏ చప్పుడూ లేదు.

ఇంకొకటి ఉంది. అది తనకు తాను కూడా ఎన్నడూ చెప్పుకోలేదు.

"గేటు దాటినంక... ఒక్కటి కొట్టిన్రు. మెల్లగ. ఒక్కటంటే నడుపుమనే కదా అనుకున్న. కాదని నాకు ఎరికే. మూడు కొట్టే ఊపిరి మీకు లేకుండె. ఎరికుండే... నడిపిన."

సీమోను ఇంజను తాళం చెవి మీద చెయ్యి వేశాడు.

టక్.

సీమోను ఊపిరి బిగబట్టి రెండో దెబ్బ కోసం ఆగాడు. రాలేదు. ఇది నడుపుమనా, ఆపుమనా? చెయ్యి తాళం మీద ఉంది, కాలు బ్రేకు మీద ఉంది. ఆ బండిలో ఎన్నడూ వెనక్కి తిరగనివాడు, మొదటిసారి తిరిగి చూశాడు.

పరదా కదల్లేదు. పరదాకూ అద్దానికీ మధ్య, అద్దం లోపలి వైపు అరచేయంత మేర ఆవిరి పట్టింది. అది పోయింది. మళ్లీ పట్టింది, ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.