పసుపు అంటని రాయి

"ఆగవే!"

స్వప్నిక పరుగెత్తుతోంది.

చీకటి... కనకమామిడి ఊరి మట్టిబాట. వెనుక స్కార్పియో లైట్లు దగ్గరవుతున్నాయి!

భుజాన లాప్‌టాప్ బ్యాగు. గుప్పిట్లో నల్లరాయి. ఈ రాయి కోసమే వేట!

"ఎవనికి అమ్ముడుపోయినవే? రాయి ఇటియ్యి!"

అరుస్తున్నది రామేశ్వర్. మొన్నటిదాకా చేవెళ్లలో కిరాణా అంగడి నడిపినవాడు. ఇప్పుడు చేతిలో పిస్తోలు!

పొలం గట్టు దూకింది. ఎదురుగా గులాబీల పాలీహౌస్. ప్లాస్టిక్ తలుపు తోసి లోపలికి దూరింది.

బురద. ముళ్లు చెంపను గీశాయి. ఊపిరి బిగబట్టింది.

సాయంత్రం దాకా అంతా బాగానే ఉంది.

2008... ముడిచమురు ధర మండిపోతోంది. రాతిలో గట్టిపడిన నూనె, అదే ఆయిల్ షేల్. దాన్ని ఎవరు తవ్వుతున్నారు, ఎవరు కొంటారు... అది పరిశోధించడమే మాదాపూర్‌లో ఆమె ఉద్యోగం. ఈ పొలంలో ఆ రాయి బయటపడిందన్నారు. చూసి "యెస్" అని రిపోర్టు ఇవ్వాలి. రేపు ఇన్వెస్టర్లు వస్తున్నారు!

మొదట భూమిపూజ. పొలం కొంటున్నది రామేశ్వర్. అతని తల్లి సావిత్రమ్మ నీళ్లలో పసుపు కలిపి రాళ్లకు రాసింది.

జారిపోయింది!

మళ్లీ రాసింది. మళ్లీ జారింది!

"అమ్మవారికి ఇష్టం లేనట్టున్నది బిడ్డా..." ఆమె పసుపు గిన్నె పక్కన పెట్టేసింది.

చెప్పింది అమ్మవారేనా? ఏమో! స్వప్నిక మాత్రం రాయిని చున్నీతో తుడిచింది. నూనె మరక... డీజిల్ వాసన! అసలైన షేల్ పొడిగా ఉంటుంది. ఎంత తుడిచినా నూనె చేతికి రాదు.

"ఇది ఫేక్. రిపోర్టుల నో అని రాస్త."

"లక్షణమైన రాయిని ఫేక్ అంటవా?"

రామేశ్వర్ పిస్తోలు బయటికొచ్చింది! రాయితో సహా ఆమె పరుగు తీసింది.

కిర్రు...

పాలీహౌస్ తలుపు తెరుచుకుంది! స్వప్నిక మొక్కల వెనక్కి నక్కింది.

సత్తయ్య! ఈ పొలం ఆసామి. రేపు రామేశ్వర్‌కు భూమి రాసిచ్చేది ఈయనే.

"కాకా! రామేశ్వర్ మోసం చేస్తుండు. రాళ్లకు డీజిల్ పట్టించిండు!"

సత్తయ్య నవ్వాడు.

"వాడా? వానికి గంత తెలివి యాడిది బిడ్డా! నేనే పట్టించిన. నానబెట్టి, ఆరబెట్టి, మళ్ల నానబెట్టి... నా పెండ్లానికి సుత తెల్వదు."

"ఎందుకు కాకా?"

"చెరువుల కోసమని సర్కారు తెచ్చిన 111 జీవోల ఇరుక్కున్న భూమి. ఇండ్లు కట్టనియ్యరు. మాదాపూర్ల మన్ను బంగారమాయె, ఈడ మన్ను మన్నే! నూనె ఉన్నదంటేనే గద ఎగబడి కొంటరు."

చేతిలో కొడవలి మెరిసింది.

"రాయి ఇచ్చి నోరు మూసుకో."

చర్ర్...

ప్లాస్టిక్ గోడ చిరిగింది! ముందు పిస్తోలు గొట్టం. వెనుక రామేశ్వర్ ముఖం. అంతా విన్నాడు!

"అంగడి అమ్మి బయానా ఇచ్చిన గద కాకా... మా అవ్వ కండ్ల ముంగటనే అమ్మిన!"

ఢాం!

కొడవలి జారిపోయింది. సత్తయ్య కూలబడ్డాడు. తూటా తగల్లేదు... చెవి పక్కగా దూసుకుపోయింది.

రామేశ్వర్ మళ్లీ గురిపెట్టాడు. ఈసారి నుదుటికి!

స్వప్నిక కళ్లు మూసుకుంది.

పిస్తోలు పేలలేదు...

"కాకా." రామేశ్వర్ గొంతు మెల్లగా వినిపించింది. "డీజిల్ ఇంక మిగిలిందా?"

"ఆఁ... పీపాల ఉన్నది."

"ఇంకిన్ని రాళ్లు నానబెట్టు. రేపొచ్చేటోళ్లు నాకంటె తెలివైనోళ్లా ఏంది?"

స్వప్నిక కళ్లు తెరిచింది.

పిస్తోలు ఆమె వైపు తిరిగి ఉంది!

"లాప్‌టాప్ తియ్యి చెల్లె. యెస్ అని కొట్టు."