గొంతుకి అతుకు

టెలికాం కంపెనీ ల్యాబ్‌లో, అక్కడి పరిశోధకుడు డాక్టర్ కోదండపాణి స్విచ్ నొక్కాడు. పక్క గదిలో మాట్లాడుతున్న అసిస్టెంట్ ఫోన్‌కి సిగ్నల్ తెగిపోయింది. అయినా ఈ గది స్పీకర్లో అతని గొంతు ఆగలేదు: "...అందుకే సార్, మీటింగ్ రేపటికి వాయిదా వేద్దాం."

"ఇది ఆయన అన్న మాటేనా?" అంది ఇందుమతి. ఒక బిజినెస్ పత్రికలో ఇరవై మూడేళ్లుగా టెలికాం వార్తలు రాస్తోంది.

"అనబోయే మాటండీ. కాల్ తెగితే మా యంత్రం అతుకు వేస్తుంది. ఆ మనిషి పాత కాల్స్‌ని బట్టి, అతని గొంతుతోనే. రెండు సెకన్లు, అంతే."

రెండు సెకన్లు కాదు, నాలుగు నిమిషాలైనా ఆగదని, దాన్ని అప్పుడే నెట్‌వర్క్ అంతటా పెట్టేశారని ఆ కంపెనీ ఇంజనీరు జలంధర్ ఆమెకు చాటుగా చెప్పాడు. అంటే ఊళ్లో సగంమంది అప్పటికే యంత్రంతో కష్టసుఖాలు చెప్పుకుంటున్నారన్నమాట. ఇందుమతి వార్త రాసింది. అచ్చుకి ముందు, చెప్పిన మనిషిని మళ్లీ అడిగి ఖాయం చేసుకోవాలని ఆ పత్రికలో కట్టుబాటు. ఎదురుగా వెళ్లి అడగొచ్చు కదా! ఆరింటికి డెడ్‌లైన్, ఏళ్లనాటి అలవాటు. ఫోన్ చేసింది, అదీ ఆ కంపెనీ నెట్‌వర్క్ మీదే. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

"నిజమే మేడమ్, రాసెయ్యండి. నా పేరు కూడా వెయ్యండి. ఏమైతే అదవుతుంది."

ఈ రోజుల్లో ఇంత ధైర్యమా అని ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

మర్నాడు పదింటికి జలంధర్ పత్రికాఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం ఊడింది.

"నా పేరెందుకేశారు మేడమ్?"

"నువ్వే కదయ్యా వెయ్యమన్నావు!"

"నేనా? హలో అన్నాను, లిఫ్టెక్కాను, కాల్ కట్టయింది. నేనైతే మీ కాళ్లు పట్టుకుని వద్దనేవాణ్ణి. ఇద్దరు పిల్లలు మేడమ్ నాకు!"

ఇందుమతి పరుగున ఎడిటర్ గదిలోకి వెళ్లింది. "సార్, నాతో మాట్లాడింది యంత్రం! మన వార్త నిజమని ఇంతకన్నా రుజువేం కావాలి?"

"నిజమేనమ్మా," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా. "కానీ మనిషి ఖాయం చెయ్యలేదుగా."

పత్రిక క్షమాపణ వేసింది. ఇందుమతి చేత రాజీనామా రాయించింది. ఉన్నమాట చెప్పిన పాపానికి ఇద్దరు మనుషులు రోడ్డున పడ్డారు. అదే మాట చెప్పిన యంత్రం మాత్రం చల్లగా ఉంది.

ఆదివారం అదే పత్రిక మొదటి పేజీ నిండా కంపెనీ ప్రకటన: "పేరుమోసిన టెలికాం విలేకరే తేడా కనిపెట్టలేకపోయారు. మీవాళ్లేం కనిపెడతారు? మీరు బిజీగా ఉన్నా, మీ గొంతు మాట్లాడుతూనే ఉంటుంది."

సోమవారం కొత్త కనెక్షన్ల కోసం జనం వీధి మలుపు దాకా బారులు తీరారు.