దుంగ మీద రెండు సుత్తులు

“బెరడే బెరడే, వెడల్పు కావే... అమ్మకి దుప్పటి, నాకు...”

ఆ తరువాతేమిటో లూపేకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు మేనత్త ఫానే పక్కన కూర్చుని పాడిన పాట. ఇప్పుడూ ఆ మేనత్త పక్కనే, కొబ్బరాకుల పాకలో కూర్చుంది. తడి బెరడును దుంగ మీద పరిచి, ఇద్దరూ కొయ్య సుత్తులతో గుడ్డలా సాగగొడుతున్నారు. టక్... టుక్. టక్... టుక్.

ఎదురింట్లో లూపే మొగుడు సెమిసి పడుకున్నాడు. రాత్రంతా మత్తెక్కించే కావా వేరు రసం తాగి పగలు నిద్రపోయే మనిషి. రెండు సుత్తులూ వినబడుతున్నంతసేపే ఆ నిద్ర. ఒకటి ఆగిందా, గుమ్మంలో నిలబడేవాడు. లూపే ఫోను ఎప్పుడో లాగేసుకున్నాడు. చర్చికి కూడా ఒంటరిగా పంపడు. ఆమె మెడ మీద తన వేళ్ల గుర్తులు పడ్డ మర్నాడు మాత్రం రొట్టె, చేపల డబ్బా తెచ్చి పెట్టేవాడు.

“నేనంటే ప్రాణం అత్తా ఆయనకి,” అంది లూపే ఒకసారి.

“ప్రాణమైతే గొంతు పిసుకుతాడటే?” అంది మేనత్త.

అప్పటినుంచే ఆవిడ లూపే కూతురు, పాప బట్టలు, బడి కాగితాలు ఒక్కొక్కటే తన ఇంటికి చేరవేసింది. పెద్ద దీవిలో ఇలాంటి ఆడవాళ్లకి తలదాచుకునే ఇల్లొకటుంది. అక్కడికి కబురూ పంపింది.

“పడవొచ్చింది,” అని గొణిగింది ఇప్పుడు. “పాపనీ మూటనీ పాస్టరమ్మ ఎక్కించేసింది. నీ సుత్తి ఇలా ఇయ్యి. రెండు చేతులా కొడతా.”

“ఈ వయసులోనా అత్తా?”

“నీ మొగుడి చేతులకన్నా నావే నయం. పనికైనా వస్తాయి. నడువు, పరిగెత్తకు.”

లూపే నడిచింది. తడి బెరడు వాసన, పొయ్యి పొగ వెనకబడ్డాయి. చప్పుడు మాత్రం వెంటే వచ్చింది. టక్... టుక్.

దారి మధ్యలో... చప్పుడు ఆగింది.

లూపే వెనక్కి తిరిగి చూసింది.

మళ్లీ మొదలైంది. టక్... టుక్. ఇంకా బలంగా. ముసలి చేతులు కొట్టినట్టే లేదు.

పడవ ఎక్కి పాపను ఒళ్లోకి తీసుకుందో లేదో, రేవు మీద రొప్పుతూ ఎవరో వచ్చి నిలబడ్డారు.

మేనత్త!

“అత్తా... నువ్విక్కడుంటే...”

“చెయ్యి తిమ్మిరెక్కి ఆపేశానే. వాడు లేచే లోపు నీకు చెబుదామని పరిగెత్తుకొచ్చా.”

ఊళ్లోంచి... టక్... టుక్.

పడవ కదిలింది. రేవు దూరమవుతోంది. చప్పుడు దూరం కావడం లేదు. చెవి పక్కనే కొడుతున్నట్టుంది. పాప లూపే మెడను గట్టిగా కరుచుకుంది.

మేనత్త ఊరివైపు చూసింది. చంకలోంచి ఏవో తీసి పైకెత్తింది. గాలిలో ఆవిడ గొంతు సన్నగా వచ్చింది.

“రెండు సుత్తులూ నా దగ్గరే ఉన్నాయి కదే, లూపే...”