సొంత డబ్బా

"ఈ అమ్మాయి ఎడమ చెయ్యి కుడి చెయ్యికన్నా రెండంగుళాలు పొడుగండీ," అంది ఫ్రేముల షాపు అమ్మాయి, బొమ్మ మీంచి టేపు తియ్యకుండానే.

చిత్రకారుడికి చురుక్కుమంది. "అది స్టైలు! నాకు నలభై వేలమంది ఫాలోవర్లున్నారు. ఒక్కరూ ఈ మాట అనలేదు."

"వాళ్ళెవరూ కొలవలేదు కదా. ఫ్రేము నల్లదా, తెల్లదా?"

లోపల గాజు కోస్తున్న ఆమె తండ్రి దగ్గాడు. అది దగ్గు కాదు, నవ్వు అని చిత్రకారుడికి తెలిసిపోయింది.

ఇంటికెళ్ళి కసికొద్దీ ఆ బొమ్మ ఫోటో పోస్ట్ చేశాడు. 'అద్భుతం', 'మాటల్లేవు', 'మీరు మనిషి కాదు సార్' అంటూ మెచ్చుకోళ్ళు కురిశాయి. అందరికన్నా ముందు 'శతాబ్దానికొక్కడు' అన్నది మాత్రం 'కళాపిపాసి' అనే అకౌంట్. ఎప్పుడూ ఆ పేరే ముందుంటుంది. ఎందుకుండదు? అదీ అతని అకౌంటే. ఎవరూ పట్టించుకోని రోజుల్లో, ఒక్క మంచి మాట కోసం మొహం వాచి తెరిచాడు. తర్వాత అలవాటైపోయింది.

ఇంతలో గులాబీ ఫోటో ఉన్న అకౌంట్ నుంచి ఒక కామెంట్. 'రంగులు బాగున్నాయి. చెయ్యి బాగాలేదు.'

ఎవరో తెలిసిపోయింది. కళాపిపాసి పేరుతో విరుచుకుపడ్డాడు. 'ఫ్రేములు కొట్టేవాళ్ళకి కళ గురించి ఏం తెలుసు?'

'నాది ఫ్రేముల షాపని మీకెవరు చెప్పారు?'

చెమటలు పట్టాయి. కంగారులో అకౌంట్ మార్చడం మరిచిపోయి, 'నా బొమ్మ, నా ఇష్టం!' అని కళాపిపాసి పేరుతోనే కొట్టాడు.

సాయంత్రానికి ఆ స్క్రీన్‌షాట్ చేరని ఫోన్ లేదు. పొద్దున మాటల్లేవన్నవాళ్ళందరికీ బోలెడు మాటలు దొరికాయి. అతని బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టేవాడొక్కడే సంబరంగా ఫోన్ చేశాడు. "సార్, పోస్టర్లో మీ ఫోటో డబుల్ సైజు చేశాం. జనం విరగబడి వస్తారు!"

రెండురోజులు గది తలుపు తియ్యలేదు. మూడోరోజు క్షమాపణ చెబుతూ పోస్ట్ పెట్టాడు. 'ఎంత నిజాయితీ!' 'గొప్ప మనసు!' పదకొండువేల లైకులు. అరగంటపాటు ఛాతీ ఉప్పొంగింది. తర్వాత గులాబీ కోసం వెతికాడు. లేదు. పదకొండువేలూ వెలవెలబోయాయి.

వానలోనే షాపుకి పరిగెత్తాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"క్షమించండి."

"పోస్టు చూశాను. ఫోటోలో కన్నీళ్ళమీద వెలుతురు భలే పడింది."

అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

"నన్నంటే అన్నారు. ఆ ఫ్రేములు కొట్టే మా నాన్న నన్నింతదాన్ని చేశాడు."

అతను ఆమె భుజం మీదుగా లోపలికి చూసి, "తప్పయిపోయిందండీ," అన్నాడు. ముసలాయన గాజు కోయడం ఆపి, తలూపి, మళ్ళీ పనిలో పడ్డాడు.

"అయినా మీకు నా బొమ్మలు నచ్చవుగా?"

"నచ్చకపోతే 'సూపర్' అని కొట్టి పోయేదాన్ని. బాగున్నదాంట్లో తప్పు కనబడితేనే నాకు ఉండబట్టదు."

"ఇప్పటిదాకా నాకెన్ని 'సూపర్'లు కొట్టారు?"

"పధ్నాలుగు."

అతనికి నవ్వొచ్చింది. తనమీద తనకి నవ్వు రావడం అదే మొదటిసారి. "వాటిల్లో తప్పులన్నీ చెప్పండి. రోజుకొక బొమ్మ. మీరంటే... నాకు ఇష్టమండీ."

"ఈ మాట ఏ అకౌంట్ నుంచి?"

"దొంగది తీసేశాను. మిగిలింది నేనొక్కణ్ణే."

ఆమె టేపుని వేలికి చుట్టుకుంటూ, "రోజుకొకటైతే రెండు వారాల్లో అయిపోతాయి," అంది.

"కొత్త తప్పులు చేస్తాను."

లోపల్నించి తండ్రి కేకేశాడు. "అమ్మాయ్! జల్లు కొట్టి అట్టలన్నీ తడిసిపోతున్నాయి. ఆ అబ్బాయిని లోపలికన్నా రమ్మను, ఇంటికన్నా పొమ్మను. తలుపెయ్యాలి!"

ఆమె పక్కకి జరిగింది. అతను లోపలికొచ్చి, తలుపు తనే వేశాడు.