పదకొండు సెకన్ల దూరం

పాఠంలో నాలుగో మెట్టు దగ్గర తెర మీది గతిపట్టీ తొంభై మూడు చూపింది. దమయంతి మీట నొక్కింది. ఐదో మెట్టు తెరుచుకుంది.

వేదిక మీద ఫణిభూషణం సముద్రపు నీటి ఉప్పుతీత యంత్రం వెనక నిలబడి దాని రెండు కవాటాల పని వివరిస్తున్నాడు. సభామందిరంలో నాలుగు వందల మంది, ఊళ్లలో తెరల ముందు, దూరాసనాలలో ఆరు వేల మంది. ఎవరి చూపు నిలిచింది, ఎవరి తల ఊగింది అన్నది సమగతి అనే యంత్రవ్యవస్థ కొలుస్తుంది. నూటికి తొంభై తలలు ఊగితే మెట్టు పండినట్టు. ఆపై ప్రశ్నలకు ఎనిమిది సెకన్లు. ఆ తరువాత మీట వెలుగుతుంది; అది నొక్కగానే మెట్టు మూసుకుంటుంది. మెట్టు మార్చడానికి ఒక మనిషి వేలు కావాలని నిబంధన ఉంది కనుక దమయంతి చేసే గతిపాలకురాలి ఉద్యోగం ఇంకా మిగిలింది. పదహారేళ్లు సుద్దముక్క పట్టిన వేలు అది.

వెనకబడ్డవాళ్లు నిలుపుగదిలోకి జారిపోతారు. వాళ్లకు తరువాత కుదించిన పాఠం వెళుతుంది. అందులో తడబాట్లు ఉండవు, మళ్లీ చెప్పిన మాటలు ఉండవు, ప్రశ్నలూ ఉండవు.

నిరుడు శ్రావణంలో దమయంతి చెల్లెలు వైదేహి అలాంటి పాఠం చూసి తన ఊరి యంత్రం విప్పింది. పీడనం ఉన్న కవాటాన్ని ముందు తెరిచింది. చెల్లెలి దినాలు అయ్యాక దమయంతి, వైదేహి వెనకబడ్డ అసలు పాఠం చిట్టా తెప్పించుకుంది. వైదేహి ఆసనానికి ఎదురుగా ఒకే పంక్తి ఉంది: ప్రశ్న ఒకటి, కాలం చెల్లినది. ఏమడిగిందో లేదు. కాలం చెల్లిన ప్రశ్నలను సమగతి దాచదు.

దమయంతి బడి మానేసి ఈ ఉద్యోగంలో చేరింది. ఐదు నెలలుగా మీట నొక్కుతూనే ఉంది.

ఈ ఉదయం ఆసనాల పట్టికలో ఒక పేరు దగ్గర ఆమె కళ్లు ఆగాయి. గవరమ్మ, మొగదీవి, కొత్త అభ్యాసకురాలు. మాట చేరడానికి పదకొండు సెకన్లు. పక్కనే కాగితం మీద ఎనిమిది అని రాసింది. దాని కింద పదకొండు అని రాసి చాలాసేపు చూసింది.

"ఎడమ కవాటం ముందు. ఎప్పుడూ ఎడమే ముందు," అన్నాడు ఫణిభూషణం.

పట్టీ తొంభై ఆరు. ఎనిమిది సెకన్లు గడిచాయి. మీట వెలిగింది. దమయంతి వేలు దాని మీదే ఉంది, కానీ నొక్కలేదు. తొమ్మిది. పది.

"అమ్మా, ఇనిపిస్తందా? నేను గవరమ్మనండి, మొగదీవి. ఎడమంటే నా ఎడమా, ఆ బాబు ఎడమా? ఆ బాబు నాకు ఎదురుగా నిలబడ్డాడు గదా! రేపు పొద్దున్న ఇది నేనే ఇప్పాల. మా ఊర్లో ఇంకెవులూ లేరు."

మందిరంలో నవ్వులు. "కుడి ఎడమలు కూడా నేర్పాలా? ఇదేమన్నా అంగన్‌వాడీనా?" అన్నారెవరో.

సభా పర్యవేక్షకుడు లింగమూర్తి దమయంతి గది తలుపు తోసుకొచ్చాడు. "ఏంటి మేడమ్, నిద్రపోయారా? తొంభై ఆరు వచ్చింది, నొక్కండి."

"ఇంకా నాలుగు ఉన్నాయి, లింగమూర్తిగారూ."

"నాలుగు శాతమండీ!"

"రెండు వందల యాభై ఆరు మంది. చివరి బల్ల పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పేదాకా నేను బోర్డు తుడిచేదాన్ని కాదు."

అంతలో గవరమ్మ గొంతు మళ్లీ వచ్చింది. నవ్వులు ఇప్పుడే ఆమెకు చేరాయి. "అంగన్‌వాడీలోనే పనిసేసినానండి బాబూ. అక్కడ పిల్లలడిగితే సెప్పేవోళ్లం, నవ్వేవోళ్లం కాదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. దమయంతి మైకు దగ్గరకు వంగింది.

"ఫణిభూషణంగారూ, యంత్రానికి ఇవతలికి రండి. మాకు వీపు పెట్టి నిలబడి, ఏ కవాటమో చేత్తో పట్టుకుని చూపించండి."

అతను తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు. ఇవతలికి వచ్చి, అందరికీ వీపు పెట్టి, కవాటం పట్టుకున్నాడు.

"ఇదీ," అన్నాడు మెల్లగా. "అందరూ ఇలా నా వెనక నిలబడ్డట్టు అనుకోండి."

పట్టీ జారడం మొదలుపెట్టింది. తొంభై ఆరు. డెబ్బై. నలభై ఒకటి. ఇందాక తల ఊపినవాళ్లు వేల సంఖ్యలో ఆగిపోయారు. తెర మీద చిన్నచిన్న గళ్లలో, దూరాసనాల వాళ్ల చేతులు తమ ఎదుటి యంత్రాల ఒక కవాటం మీంచి రెండో కవాటం మీదకు మారుతున్నాయి.

లింగమూర్తి ఆ గళ్ల వంక చూశాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "పది మెట్లూ ఇవాళ కావు. రేపటి నుంచి ఈ కుర్చీ మీకుండదు."

"రేపటి సంగతి కదా." దమయంతి మళ్లీ మైకు వైపు తిరిగింది. "గవరమ్మగారూ, ఏది ముందు తిప్పుతారో మీ మాటల్లో చెప్పండి. మేం ఆగుతాం."

నాలుగు వందల మంది ఆగారు.

"సముద్రం వైపు కిటికీ ఉంది గదమ్మా, దాని పక్కది. అదే ముందు. ఇందాక నేను రెండోదాని మీద సెయ్యేసినాను."

పట్టీ పడిపోయినా, ఒకసారి వెలిగిన మీట వెలుగుతూనే ఉంది. మెట్టు మూసుకోలేదు కనుక, దూరం నుంచి బయలుదేరిన ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి తెర అంచున చేరసాగాయి.

దమయంతి మీట మీది నుంచి చెయ్యి తీసి, కాగితం దగ్గరకు లాక్కుంది. మొదటి పంక్తిలో వైదేహి అని రాసి, పక్కన ఖాళీ వదిలింది. రెండో పంక్తిలో రాసింది: గవరమ్మ, మొగదీవి. ఎడమంటే ఎవరి ఎడమ?

"తరువాత ఎవరు?" అని మైకులో అడిగి, కలం పట్టుకుని కూర్చుంది.