ఫ్లెక్సీలో కొత్త గోల్‌కీపర్

దుప్పటి రెండు కొసలు అమ్మ చేతిలో, రెండు కొసలు రాగిణి చేతిలో ఉన్నాయి. ఆ ఇంట్లో రోజూ పొద్దున దుప్పట్లు ఇలాగే మడతపెడతారు. అమ్మ ఇటు లాగుతుంది, రాగిణి అటు లాగుతుంది. ముడతలు పోయాక ఇద్దరూ ఎదురొచ్చి కొసలు కలుపుతారు.

ఆ ఆదివారం రాగిణి ఎంత గట్టిగా లాగిందంటే, అమ్మ ముందుకు తూలింది.

"ఏందే! దుప్పటి మడతపెడుతున్నవా, చింపుతున్నవా?"

"స్టీఫెన్ అన్నను ఎట్ల తీసేస్తరమ్మా?"

"మల్ల అదేనా! లేస్తే అదే, పండుకుంటే అదే. ఆ టీమ్ ఏమన్న నాకు అప్పజెప్పిన్రా, నన్ను అడుగుతున్నవ్?"

మూసీ ఎలెవెన్ అంటే రాగిణికి ప్రాణం. అది హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు. సీజన్ అయిపోయాక జట్లు కొందరు ఆటగాళ్లను వదిలేసి కొత్తవాళ్లను తీసుకుంటాయని ఆమెకు తెలుసు. ఈ ఎండాకాలం మూసీ ఎలెవెన్ నుంచి చాలామందే వెళ్లిపోయారు. వాళ్లందరినీ ఎలాగో ఓర్చుకుంది. కానీ గోల్‌కీపర్ స్టీఫెన్‌ను కూడా వదిలేశారని పేపర్లో చూసినప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

స్టీఫెన్ ఒకసారి మ్యాచ్ అయ్యాక గ్యాలరీ వైపు చెయ్యి ఊపాడు. అది తనకే అని రాగిణి నమ్మకం.

నారాయణగూడ బడిలో ఆమె క్లాస్‌మేట్ సృజన్ అయితే ఊరుకోలేదు. "మీ టీమ్‌ల ఇగ మిగిలింది బంతి ఒక్కటే. దాన్ని ఎప్పుడు అమ్ముతరంట?" అన్నాడు. రాగిణి వాడి జామెట్రీ బాక్సు కిటికీలోంచి విసిరేయబోయి, టీచర్ రావడంతో ఆగిపోయింది.

దుప్పటి మడత ఇంకా పూర్తి కాలేదు. అన్న అనుదీప్ తలుపు తోసుకుని వచ్చాడు. అనుదీప్ డిగ్రీ చదువుతున్నాడు. చిక్కడపల్లి, అశోక్ నగర్ పిల్లల్లో మూసీ ఎలెవెన్ అభిమానులందరికీ అతనే పెద్ద.

"రాగీ, రాత్రి ఫ్లెక్సీ కట్టినం! నీ ఫొటో మస్తు వచ్చింది, దా!"

రాగిణి దుప్పటి వదిలేసి పరుగు తీసింది.

అశోక్ నగర్ మలుపులో చాయ్ బండి పక్కన ఇనుప ఫ్రేముకు ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన ఆటగాళ్ల పెద్ద పెద్ద బొమ్మలు. అన్ని ఫ్లెక్సీల్లాగే కింద ఒక వరసలో గల్లీవాళ్ల చిన్న చిన్న ముఖాలు, పక్కన 'శుభాకాంక్షలతో' అనే మాట. ఆ వరస కోసం రాగిణి ఎండాకాలం మొదట్లోనే, రెండు జడలు వేయించుకుని ఫొటో దిగి ఇచ్చింది. అప్పుడు జట్టులో స్టీఫెన్ ఉన్నాడు.

ఇప్పుడు మధ్యలో, గోల్‌కీపర్ ఆకుపచ్చ జెర్సీలో, ఎవరో నిలబడి ఉన్నారు. 'ఉదయ్ కుమార్, కవాడిగూడ' అని రాసి ఉంది. సరిగ్గా అతని కింద రాగిణి ముఖం. పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"నేను ఈయనకు శుభాకాంక్షలు చెప్పలె. నా ఫొటో తీసెయ్."

"తీసెయ్యనీకి అదేమన్న స్టిక్కరా? ప్రింట్ అయిపాయె."

"అయితే ఈయన్నే తీసెయ్!"

"వామ్మో, నువ్వు టీమ్ మేనేజర్ కంటె డేంజర్ ఉన్నవ్," అన్నాడు అనుదీప్. చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ కోచింగ్ సెంటర్ విద్యార్థులు పకపకా నవ్వారు.

ఆ నవ్వు రాగిణి చెవుల్లోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి అన్నం కెలికి లేచింది. పుస్తకం తెరిచి మూసింది. చివరికి తన అల్మారా తలుపు ముందు నిలబడింది. దాని మీద స్టీఫెన్ పోస్టర్ ఉంది.

మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చింది. రాగిణి పోస్టర్ ఊడదీసి, స్టీఫెన్ ముఖం చుట్టూ కత్తిరించింది. సినిమా పోస్టర్లు అతికించేవాళ్లు మైదా ఉడికించి జిగురు చేస్తారని ఆమెకు తెలుసు. గిన్నెలో మైదా కలిపి పొయ్యి మీద పెట్టింది. ఉండలు కట్టింది. అయినా పనికొస్తుందనుకుంది.

ఎండకు మలుపంతా ఖాళీగా ఉంది. చాయ్ బండి మీద పట్టా కప్పి ఉంది. రాగిణి బండి పక్కనున్న బెంచీ ఎక్కింది.

దగ్గరి నుంచి చూస్తే ఉదయ్ కుమార్ కనుబొమ్మ కింద చిన్న గాటు ఉంది. అతను నేరుగా ఆమెనే చూస్తున్నట్టున్నాడు. రాగిణి ముందు ఆ కళ్ల మీదే జిగురు పూసింది. తర్వాత స్టీఫెన్ ముఖం పెట్టి అరచేత్తో గట్టిగా అదిమింది. ఒక పక్క ఉదయ్ కుమార్ చెవి మాత్రం కొంచెం బయటికి కనబడుతూ ఉండిపోయింది.

"ఇప్పుడు సరిగున్నది," అనుకుంది.

ఇంటికి వచ్చాక సంతోషంగా ఉంటుందనుకుంది. లేదు. చేతులు కడుక్కుంది. గోళ్లలో మైదా పోలేదని మళ్లీ కడుక్కుంది. బాల్కనీలోకి వెళ్లింది, లోపలికి వచ్చింది. బయట ఎవరు గట్టిగా మాట్లాడినా తొంగిచూసింది.

"కాలు గాలిన పిల్లి లెక్క ఏంది ఆ తిరుగుడు?" అంది నిద్ర లేచిన అమ్మ.

అప్పుడే బెల్లు మోగింది.

తలుపు తీస్తే, చేతిలో స్టీల్ డబ్బాతో ఒక ఆమె నిలబడి ఉంది. మెట్లెక్కిన ఆయాసంతోనే నవ్వింది.

"నువ్వే కదా రాగిణివి! ఫొటోల గిట్లనే ఉన్నవ్. నేను ఉదయ్ వాళ్ల అమ్మను బిడ్డా. విజయశ్రీ నా పేరు. కొత్త గోల్‌కీపర్ లేడా, మావోడే. మీ అన్న ఇల్లు చెప్పిండు."

రాగిణి చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

"రాండి అక్కా, కూసోండి," అంటూ అమ్మ ఎదురొచ్చింది. "చాయ్ పెడత."

విజయశ్రీ కుర్చీ అంచున కూర్చుని డబ్బా మూత తీసింది. లోపల కొబ్బరి, చక్కెర కూరి చేసిన గర్జెలు. ఇంకా వేడిగానే ఉన్నాయి.

"నీ కోసమే చేసిన. తిను."

"నాకెందుకు ఆంటీ?"

"ఎందుకంటవేంది? పోయినేడు సెలక్షన్ లిస్టుల మావోని పేరు తీసేసిన్రు. ఆ దినం వాడు అన్నం ముట్టలె. ఎవ్వరన్న అడుగుతరని రోడ్డు మీద నుంచి రాకుంట సందులల్లకెళ్లి ఇంటికి వచ్చేటోడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈసారి మల్ల పిలిచిన్రు. కని స్టీఫెన్ జాగల అంటే చిన్న మాటనా? జనం ఏమంటరోనని ఒకటే పరేషాన్. రాత్రి ఫోన్ల ఫ్లెక్సీ వచ్చింది. వేళ్లతోని నీ ఫొటో పెద్దగ చేసి నాకు చూపిచ్చిండు. 'అమ్మా, చూడు, ఈ పాప ఎంత మంచిగ నవ్వుతున్నదో' అన్నడు. అప్పుడు పండుకున్నడు బిడ్డా."

రాగిణి చేతిలో గర్జె అలాగే ఉంది.

"నేను ఇంక అటు పోలె," అంది విజయశ్రీ. "నిన్ను తీస్కపోయి, ఇద్దరం ఫ్లెక్సీ ముంగట ఫొటో దిగుదామని ఆగిన. సిద్దిపేటల మా అక్కకు పంపాలె. ప్రాక్టీస్ అయినంక వాడు గూడ ఆడికే వస్తనన్నడు. పోదామా?"

కడుపు నొప్పి అని చెబితే సరిపోతుంది. తాను అతికించడం ఎవరూ చూడలేదు. కవాడిగూడలోనో హైదర్‌గూడలోనో స్టీఫెన్ అభిమానులు ఇంకెంతమంది లేరు? రాగిణి కడుపు నొప్పి అని చెప్పడానికే నోరు తెరిచింది.

"ఆంటీ, ఉదయ్ అన్న మొఖం మీద నేను కాయితం అతికిచ్చిన."

విజయశ్రీకి అర్థం కాలేదు. "ఏం కాయితం?" అంది ఇంకా నవ్వుతూనే.

"స్టీఫెన్ అన్న ఫొటో. ఉదయ్ అన్న మొఖం కనవడకుంట... మైదాతోని."

విజయశ్రీ ముఖంలో నవ్వు మెల్లమెల్లగా పోయింది. ఆమె డబ్బా మూత పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలియనట్టు మళ్లీ తీసింది.

వంటింట్లోంచి అమ్మ చెయ్యెత్తుకుని ఒక్క అంగలో వచ్చింది. "నువ్వు చేసినవా ఈ పని? తినే గిన్నెల జిగురు ఉడికిచ్చి, ఒకరి మొఖం మీద పూస్తవా? సిగ్గు లేదా నీకు?"

"ఉండు చెల్లె, కొట్టకు." విజయశ్రీ రాగిణినే చూస్తోంది. "మావోడు చూసిండా?"

"తెల్వదాంటీ. ఇంక చూడలే కావచ్చు."

విజయశ్రీ గోడ మీది గడియారం వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసింది. ఒళ్లో ఉన్న రెండు చేతులనూ ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది.

రాగిణికి ఆ చేతులు చూడబుద్ధి కాలేదు. చూపు తిప్పుకోబుద్ధీ కాలేదు.

సాయంత్రమైంది. చాయ్ బండి తెరిచి ఉంటుంది. పొద్దున నవ్వినవాళ్లే గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంటారు. అనుదీప్, అతని దోస్తులు కూడా ఉండొచ్చు. బెంచీ ఎక్కగానే అందరూ ఇటే చూస్తారు. ఎవరు చేశారని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అప్పటికే ఉదయ్ కుమార్ వచ్చి అక్కడ నిలబడి ఉంటే, అతనికే చెప్పాలి.

రాగిణి గర్జెను డబ్బాలో పెట్టి లేచింది. చెంబు నిండా గోరువెచ్చని నీళ్లు పట్టింది. గోళ్లతో గీకితే కింద ఉన్న ముఖం కూడా పోతుంది. అందుకని మెత్తటి పాత చున్నీ వెతికి భుజం మీద వేసుకుంది.

"ఎటు పోతున్నవే?" అంది అమ్మ.

రాగిణి నీళ్లు ఒలకకుండా చెంబును రెండు చేతులతో పట్టుకుని, గడప దాటి, మెట్లు దిగింది.