పెళ్లి కోసం వదిలిన పేజీ

పుస్తకం ప్రకారం యశోదమ్మ చచ్చిపోయి అరవై మూడేళ్లయింది.

ఆ చచ్చిపోయిన మనిషి ఇప్పుడు ప్రహ్లాద్ ఎదురుగా కుర్చీలో కూర్చుని, సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటోంది.

2012 జూలై. గురువారం, ఉదయం 10.40. నారాయణగూడలో మందుల షాపు మీది చిన్న గది. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లు దొంగరాతలు పట్టుకున్న డాక్యుమెంట్ ఎక్స్‌పర్ట్ ప్రహ్లాద్, రిటైరయ్యాక అక్కడే ప్రైవేటుగా కేసులు చూస్తున్నాడు.

"ఏమన్న తెలిసిందా సారూ?"

"లేదమ్మా."

తొమ్మిది రోజులుగా అదే ప్రశ్న, అదే జవాబు. ప్రహ్లాద్‌కు తన మీద తనకే ఒళ్లు మండిపోతోంది.

టేబుల్ మీద ఆమె తండ్రి కనకయ్య రాసిన వంశ పుస్తకం. అంతా గొలుసుకట్టు రాత. దించిన కలం ఎత్తకుండా రాశాడు మహానుభావుడు. ఏ అక్షరం ఎక్కడ ముగిసిందో ఆయనకైనా తెలుసో లేదో!

పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక పేజీ. ఎదురుగా ఒక ఖాళీ పేజీ, పెళ్లి రాయడానికి. యశోదమ్మ పెళ్లి చేసుకోలేదు. అయినా ఆ పేజీ ఖాళీగా లేదు.

'ఫసలీ 1358. చిన్నది యశోద అమ్మవారు పోసి పోయినది.'

నిజాం నాటి ఫసలీ లెక్కలో 1358 అంటే 1949, అమ్మవారంటే మశూచి. మేనల్లుడు రాజశేఖర్ పట్టుకున్నది ఈ వాక్యాన్నే. అసలు యశోద మూడేళ్లకే పోయిందట. ఈమె తర్వాత తెచ్చుకుని, అదే పేరు పెట్టి పెంచుకున్న పిల్లట. కాబట్టి కనకయ్య వదిలిన చిక్కడపల్లి ఇల్లు బిల్డరుకు ఇవ్వాలంటే ఈమె సంతకం అక్కర్లేదట.

"ఇల్లు పోతె పోనీ సారూ. నేను మా నాయన బిడ్డనా, కాదా? గదొక్కటి చెప్పుండ్రి."

అదే చెప్పలేకపోతున్నాడు. రాత కనకయ్యదే అన్నట్టుంది. కాగితం ఆ పుస్తకంలోదే. సిరా కూడా పాతకాలం బిళ్లలు కరిగించినదే. భూతద్దం పట్టుకుని మెడ పట్టేసిందే తప్ప ఒక్క ఆధారం దొరకలేదు.

11.15. తలుపు కింద నుంచి ఎవరో కార్డు తోశారు. కింది షాపు ఓనరు తండ్రి దశదిన కర్మ. ప్రహ్లాద్ విసుగ్గా తీసి, నిన్న వచ్చిన పెళ్లి కార్డు మీద పడేయబోయాడు.

చెయ్యి ఆగిపోయింది.

పెళ్లి కార్డు మూలలు పచ్చగా ఉన్నాయి. కర్మ కార్డు మూలలు తెల్లగా ఉన్నాయి.

పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. పుట్టుకలకు పసుపుంది. పెళ్లిళ్లకు పసుపుంది. కనకయ్య తల్లి చావుకు లేదు. తమ్ముడి చావుకు లేదు. యశోద చావుకు?

నాలుగు మూలలా పసుపు!

"పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాను," అంటూ నెత్తి కొట్టుకున్నాడు. తొమ్మిది రోజులుగా అక్షరాలు తప్ప ఏమీ చూడలేదు. ఆ పచ్చదనం పాత కాగితం రంగనుకున్నాడు.

"ఈమధ్య పుస్తకం ఎవరెవరి దగ్గర ఉందమ్మా?"

"రాజశేఖర్ తీస్కపోయిండు. ఫొటోలు తియ్యమని తమ్మునికి ఇచ్చిండట, అభిజిత్‌కు."

"అభిజిత్ ఏం చేస్తాడు?"

"అశోక్‌నగర్‌ల శుభలేఖల షాపు. మంచోడు సారూ. తల్లి లేని పిలగాడు. నేనే సాదిన."

సాయంత్రం 4.10కి అన్నదమ్ములిద్దరూ వచ్చారు.

"జర జల్దీ చెప్పుండ్రి, బిల్డరు ఎదురుచూస్తున్నడు," అన్నాడు రాజశేఖర్.

"చావు రాసిన కాగితానికి పసుపు పెడతారా?"

"ఎవరన్న పెడ్తరా? అపశకునం."

ప్రహ్లాద్ పేజీ తిప్పి చూపించాడు. రాజశేఖర్ వంగి మూలలు చూశాడు. "తాత మర్చిపోయి పెట్టిండేమో," అని గొణిగాడు.

"మీ తాత వేలితో పెట్టాడు. అన్నీ గుండ్రటి మరకలే. ఇవి నాలుగూ ఏటవాలు గీతలు, అక్షరాల మీదికి కూడా పాకాయి. స్పాంజితో అద్దినవి. అభిజిత్, మీ షాపులో కార్డులకు పసుపు దేనితో పెడతారు?"

అభిజిత్ చెయ్యి జేబులో పెట్టుకోబోయాడు. అతని కుడి చేతి వేళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"నోర్ముయ్, ఏం చెప్పకు!" అని అరిచాడు రాజశేఖర్.

"ఇంట్ల ఉన్న పాత సిరా బిళ్లలు కరిగిచ్చి, అద్దం కింద లైటు పెట్టి తాత అక్షరాలు దించిన," అన్నాడు అభిజిత్. "కొత్త బిల్డింగ్‌ల కింది షాపు నాకే అన్నడు అన్న. రోజుకు ఐదొందల కార్డులు సారూ. రాసుడు అయిపోంగనే చెయ్యి పసుపు మీదికే పోయింది. పెళ్లో, చావో చేతికేం తెలుస్తది?"

"మీరు కనకయ్య గారి బిడ్డేనమ్మా," అన్నాడు ప్రహ్లాద్. "కోర్టులో కూడా ఇదే చెబుతాను."

తొమ్మిది రోజులుగా ఈ మాట కోసమే తిరిగిన యశోదమ్మ ముఖంలో సంతోషం లేదు. పుస్తకం చివరి పేజీ తీసి ప్రహ్లాద్ ముందు పెట్టింది.

"గిది చదువుండ్రి సారూ. వాడు వినాలె."

వణుకుతున్న గొలుసుకట్టు. ప్రహ్లాద్ కూడబలుక్కుని చదివాడు.

"'1978. కొడుకు రెండవ కుమారుడు అభిజిత్ జననం. నాకు చేతులు వణుకుచున్నవి. పసుపు నా బిడ్డ యశోద పెట్టినది.'"

యశోదమ్మ ఆ మూల మీది గుండ్రటి మరకపై తన బొటనవేలు ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"నువ్వు పుట్టినవని నేను పెట్టిన పసుపురా ఇది," అంది అభిజిత్‌తో. "నేను సచ్చిన్నని నువ్వు పెట్టినవ్."